క్లబ్ కొన్న ఏడాదే అట్టడుగుకు: రసెల్ క్రో రగ్బీ జట్టు కథలో అసలేం జరిగింది?

2006 మార్చి 19న సిడ్నీలో సౌత్ సిడ్నీ ర్యాబిటోస్ అనే రగ్బీ లీగ్ క్లబ్ సభ్యులు ఓటేసి, తమ క్లబ్‌లో ముప్పాతిక వాటాను ఇద్దరికి అమ్మేశారు. ఒకాయన ఆస్కార్ గెలిచిన హాలీవుడ్ నటుడు రసెల్ క్రో, రెండో ఆయన వ్యాపారవేత్త పీటర్ హోమ్స్ ఎ కోర్ట్. ధర 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇక దశ తిరిగిందని అందరూ అనుకున్నారు, పేపర్లన్నీ అదే రాశాయి. తీరా లీగ్ దశ ముగిసేసరికి చూస్తే 24 మ్యాచుల్లో 3 గెలుపులు, 21 ఓటములు, పాయింట్ల పట్టికలో చిట్టచివరి స్థానం. ఆ తర్వాతి ఏడాది అవే చేతుల్లో ఉన్న అదే క్లబ్ 12 మ్యాచులు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది, 1989 తర్వాత మొదటిసారి ఫైనల్స్ సిరీస్‌లో, అంటే పట్టికలో పైన నిలిచిన జట్లు కప్పు కోసం ఆడే మ్యాచుల్లో, అడుగుపెట్టింది.

ఈ కథను చాలామంది "డబ్బున్నోళ్లు వచ్చారు, జట్టు బాగుపడింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. డబ్బే కారణమైతే మొదటి ఏడాది ఆ గతి ఎందుకు పట్టింది? పైగా ఈ లీగ్‌లో ఎంత డబ్బున్న ఓనరైనా ఆటగాళ్ల మీద ఇష్టమొచ్చినంత ఖర్చు పెట్టడానికి వీల్లేదు, జీతాలకు పరిమితి ఉంది. మరి ఆ ఇద్దరూ కొన్నది ఏమిటి, మార్చింది ఏమిటి అన్నది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం.

ముందు ఆట గురించి రెండు మాటలు. రగ్బీలో రెండు రకాలున్నాయి. ఒలింపిక్స్‌లో మనం చూసే సెవెన్స్, వరల్డ్ కప్‌లో కనిపించే పదిహేను మంది ఆట, ఇవి రగ్బీ యూనియన్ కిందికి వస్తాయి. రగ్బీ లీగ్ వేరు. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాదిన, పని మానుకుని ఆడటానికొచ్చే కార్మికులకు ఆ పూట కూలి కట్టివ్వాలా వద్దా అన్న గొడవలో పుట్టిన ఆట ఇది. జట్టుకు 13 మంది, ఎనభై నిమిషాలు. బంతి పట్టుకుని దూసుకెళ్లేవాణ్ని కబడ్డీలో రైడర్‌ని పట్టేసినట్టు పట్టి కింద పడేస్తారు, అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు పోతుంది. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 4 పాయింట్లు. ఇంత తెలిస్తే చాలు. సిడ్నీలో ఈ ఆటకున్న పట్టు మామూలుది కాదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వెస్ట్‌మీడ్, పారమటా వైపు శుక్రవారం సాయంత్రాలు రైళ్లలో జెర్సీలు వేసుకుని కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి.

సౌత్ సిడ్నీ 1908లో పుట్టింది, ఆస్ట్రేలియాలో ఈ లీగ్ మొదలైన ఏడాదే. ఆ మొదటి టైటిల్ గెలిచింది కూడా వీళ్లే. 1971 వచ్చేసరికి 20 టైటిళ్లు, ఇంకే క్లబ్‌కూ అన్ని లేవు. రెడ్‌ఫర్న్ అనే పేటలో దీని వేళ్లున్నాయి. కార్మికులు, వలస వచ్చినవాళ్లు, ఆదివాసీ కుటుంబాలు ఉండే పేట అది. పేదోళ్ల జట్టు అన్న పేరు పడింది, ఆ పేరును వాళ్లు గర్వంగానే మోశారు. 1971 తర్వాత మాత్రం కప్పు మళ్లీ ఇంటికి రాలేదు.

ఇక అసలు చిక్కు 1995లో మొదలైంది. టీవీ హక్కుల కోసం రూపర్ట్ మర్డాక్ మీడియా కంపెనీ న్యూస్ లిమిటెడ్ ఒకవైపు, పాత లీగ్ సంఘం, దాని వెనక కెర్రీ ప్యాకర్ మరోవైపు నిలబడి కొట్టుకున్నారు. 1977లో క్రికెటర్లను కొనుక్కెళ్లి సొంత సిరీస్ పెట్టిన ప్యాకరే ఈయన. 1997లో ఏకంగా రెండు పోటీ లీగ్‌లు నడిచాయి, ఇద్దరికీ చేతులు కాలాయి. 1998లో రాజీపడి నేషనల్ రగ్బీ లీగ్ (ఎన్‌ఆర్‌ఎల్) పేరుతో ఒక్కటయ్యారు. అయితే రాజీలో ఒక షరతు ఉంది, 2000 నాటికి జట్ల సంఖ్య 14కు తగ్గాలి. కొన్ని క్లబ్బులు పక్క క్లబ్బులతో కలిసిపోయి గండం గట్టెక్కాయి. సౌత్స్, అంటే మన సౌత్ సిడ్నీ, మాత్రం కలవమని తెగేసి చెప్పింది. 1999 అక్టోబరులో దాన్ని లీగ్ నుంచి తీసేశారు. తొంభై ఏళ్లు పైబడిన క్లబ్‌ను ఒక లెక్కల పట్టిక చూపించి బయటికి పంపడమన్నమాట.

తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2000 నవంబరులో సిడ్నీ వీధుల్లో దాదాపు 80 వేల మంది ఊరేగింపు తీశారు. అందులో ఇతర జట్ల అభిమానులూ ఉన్నారు. కోర్టు కేసు నడిపించిన మనిషి జార్జ్ పిగిన్స్. ఆ క్లబ్‌కే ఆడి, ఆ క్లబ్‌కే కోచ్‌గా చేసి, చైర్మన్ అయినవాడు. కేసు ఖర్చుల కోసం విరాళాలు, వేలంపాటలు పెట్టారు. 1908లో ఆస్ట్రేలియాలో జరిగిన మొదటి రగ్బీ లీగ్ మ్యాచ్‌కు మోగించిన ఇత్తడి గంటను 1999లో అలాంటి ఒక వేలంలో పెడితే, 42 వేల డాలర్లకు పాడి దక్కించుకున్నది రసెల్ క్రోనే. పుట్టింది న్యూజిలాండ్‌లో అయినా ఆయన చిన్నప్పటి నుంచీ సౌత్స్ అభిమాని. అంటే క్లబ్ కొనడానికి ఏడేళ్ల ముందే, అది లీగ్‌లో లేకుండా పోయిన రోజుల్లోనే, ఆయన చేతి డబ్బు అందులో పడింది. ఎవరైనా క్లబ్ కొనడానికి వస్తే ముందు చూడాల్సింది ఇదే అని నా అభిప్రాయం, అంతా సవ్యంగా లేనప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు?

2001 జూలైలో అప్పీలు కోర్టులో సౌత్స్ గెలిచింది, 2002 సీజన్‌కు తిరిగొచ్చింది. రెండేళ్ల తర్వాత హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ తీర్పును కొట్టేసింది గానీ అప్పటికే జట్టు ఆడుతోంది, మళ్లీ తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కానీ కోర్టులో గెలవడం వేరు, మైదానంలో గెలవడం వేరు కదా. రెండేళ్లు లీగ్‌లో లేకపోవడంతో ఆటగాళ్లంతా చెల్లాచెదురయ్యారు, కొత్తగా జట్టు కట్టుకోవాల్సి వచ్చింది. 2002లో చివరి స్థానం తప్పిందంటే అది కూడా వేరే జట్టు పుణ్యమే. జీతాల పరిమితి దాటినందుకు బుల్‌డాగ్స్‌కు 37 పాయింట్లు కోత పెట్టడంతో వాళ్లు అట్టడుగుకు పోయారు. 2003లో చివరి స్థానం, 2004లో మళ్లీ చివరి స్థానం. చివర నిలిచిన జట్టుకు "వుడెన్ స్పూన్" వచ్చిందని అక్కడ వెక్కిరిస్తారు, కప్పుకు బదులు చెక్క గరిటె అన్నమాట.

జీతాల పరిమితి అందరికీ ఒకటే అయినప్పుడు ఒక జట్టు ఏళ్ల తరబడి అడుగునే ఎందుకు ఉండిపోతుంది? చాలామందికి అర్థం కాని ముడి ఇక్కడే ఉంది. పరిమితి అందరికీ సమానమే, కానీ ఆ డబ్బుతో కొనగలిగేది సమానం కాదు. గెలిచే జట్టులోకి మంచి ఆటగాడు కాస్త తక్కువకైనా వస్తాడు, ఎందుకంటే అక్కడ కప్పు గెలిచే అవకాశం ఉంది, దేశం జట్టు సెలెక్టర్ల కళ్లలో పడతాడు, కోచ్ మంచివాడు, జిమ్ బాగుంటుంది. ఓడే జట్టులోకి రావాలంటే అదే ఆటగాడు ఎక్కువ అడుగుతాడు. అంటే ఓడే జట్టు ఒక్కొక్కరికీ ఎక్కువ కట్టి, అదే పరిమితిలో తక్కువ నాణ్యత కొనుక్కుంటుంది. దాంతో మళ్లీ ఓడుతుంది, మళ్లీ ఎక్కువ కడుతుంది. ఈ సుడిగుండంలోంచి బయటపడాలంటే జీతాల లెక్కలోకి రాని చోట డబ్బు పెట్టాలి: కోచింగ్, ప్రాక్టీస్ వసతులు, డాక్టర్లు, ఆటగాళ్లను వెతికే సిబ్బంది, ఆఫీసు. సౌత్స్ దగ్గర లేనిది సరిగ్గా ఆ డబ్బే.

అది ఎందుకు లేదంటే, న్యూ సౌత్ వేల్స్‌లో రగ్బీ లీగ్ క్లబ్బులను చాలాకాలంగా పోషిస్తున్నది జూదం. అక్కడ 1956లోనే క్లబ్బుల్లో పోకర్ మెషీన్లకు చట్టం అనుమతి ఇచ్చింది. ఒక్కో జట్టుకు అనుబంధంగా ఒక పెద్ద లీగ్స్ క్లబ్ ఉంటుంది, అందులో రెస్టారెంటు, బారు, వరసలు వరసలుగా మెషీన్లు. ఆ మెషీన్ల ఆదాయం జట్టుకు వస్తుంది. పెన్రిత్, కాంటర్‌బరీ లాంటి చోట్ల ఈ క్లబ్బులు బలంగా ఉన్నాయి. రెడ్‌ఫర్న్‌లోని సౌత్స్ లీగ్స్ క్లబ్‌కు అంత స్తోమత లేదు. అభిమానుల ప్రేమ కొండంత, ఖాతాలో సొమ్ము గోరంత.

2006 ఓటు ఈ పరిస్థితిలో వచ్చింది. అమ్మకం చెల్లాలంటే ఓటేసినవాళ్లలో 75 శాతం ఒప్పుకోవాలి. పడినవి 75.8 శాతం. నూటికి ఒక్క ఓటు అటు జారి ఉంటే ఈ కథే లేదు. ఎదురు నిలబడినవాళ్లలో ముందున్నది ఎవరో కాదు, క్లబ్‌ను కోర్టులో బతికించిన పిగిన్సే. సభ్యులదైన క్లబ్‌ను కంపెనీలు లాక్కుంటుంటే వీధుల్లోకి వచ్చి పోరాడాం, ఇప్పుడు మన చేతులతో మనమే అమ్ముకోవడమేమిటన్నది ఆ వర్గం వాదన. తర్వాత చాలా ఏళ్లు ఆయన జట్టు మ్యాచులకు దూరంగా ఉండిపోయారు. ఆయన్ని మొండివాడని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ భయం ఉత్తిది కాదు. మన హైదరాబాద్‌లోనే చూశాం కదా. 2009లో ఐపీఎల్ గెలిచిన దక్కన్ చార్జర్స్ 2012లో ఓనర్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోవడంతో మాయమైపోయింది, 2013కల్లా కొత్త ఓనర్, కొత్త పేరు, కొత్త జెర్సీ. టికెట్ కొని గొంతు పోయేలా అరిచినవాళ్లను ఒక్క మాటైనా ఎవరూ అడగలేదు. అడిగే ఏర్పాటే అక్కడ లేదు.

సౌత్స్‌లో ఆ ఏర్పాటు ఉంది, నా దృష్టిలో ఈ ఒప్పందంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. అమ్మింది 75 శాతమే. మిగిలిన 25 శాతం సభ్యుల సంస్థ చేతిలోనే ఉంచారు, క్లబ్ పేరు, ఎరుపు-ఆకుపచ్చ రంగులు, కుందేలు గుర్తు, ఉండే చోటు లాంటివి సభ్యులను కాదని మార్చడానికి వీల్లేకుండా కట్టుబాటు పెట్టుకున్నారు. ఓనర్లు డబ్బు తెచ్చి నడిపిస్తారు, క్లబ్ అంటే ఏమిటన్నది మాత్రం సభ్యుల దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఆ మొదటి సీజన్‌కు వద్దాం. ఓటు జరిగిన మార్చి 19కి సీజన్ అప్పటికే మొదలైపోయింది. జట్టులో ఎవరెవరు ఉండాలో అంతకు ముందే ఖాయమైంది, కాంట్రాక్టులు సంతకాలయ్యాయి, జీతాల పరిమితి నిండిపోయింది. కోచ్ షాన్ మెక్‌రే ఓనర్లు పెట్టుకున్న మనిషి కాదు. రగ్బీ లీగ్‌లో మంచి ఆటగాళ్లు సాధారణంగా రెండు మూడేళ్ల కాంట్రాక్టుల్లో ఉంటారు, ఈ రోజు ఒప్పుకున్నా వచ్చే నవంబరు ప్రాక్టీసుకు గానీ రారు. అందుకే 2006 సీజన్ నిజానికి కొత్త ఓనర్ల సీజన్ కానే కాదు, పాత పేదరికం తాలూకు ఆఖరి బిల్లు వాళ్ల పేరు మీద వచ్చిందంతే. స్టాండ్స్‌లో కూర్చుని వారం వారం ఓటమి చూసిన అభిమానికి ఈ లెక్క చెబితే ఓదార్పు ఉండదు, అది వేరే సంగతి.

కానీ ఆ ఓటముల మధ్యే అసలు పని జరిగిపోతోంది. వచ్చే ఏడాదికి కోచ్‌గా జేసన్ టేలర్‌ను తీసుకున్నారు. 2006 మధ్యలో పారమటా జట్టు కోచ్ వెళ్లిపోతే తాత్కాలికంగా పగ్గాలు పట్టి ఆ జట్టును ఫైనల్స్ సిరీస్‌కు చేర్చిన కుర్ర కోచ్ ఆయన. రాయ్ అసొటాసి, నైజెల్ వగానా, డేవిడ్ కిడ్‌వెల్ వచ్చారు, ముగ్గురూ న్యూజిలాండ్ దేశానికి ఆడినవాళ్లు. చివరి స్థానంలో ఉన్న జట్టులోకి అసొటాసి లాంటి ఫార్వర్డ్ (ఎదుటివాళ్లను ఢీకొట్టి ముందుకెళ్లే ఆటగాడు) ఎందుకొస్తాడు? పైన చెప్పిన సుడిగుండం తెగింది ఇక్కడే. ఓడే జట్టుకు రావడానికి ఆటగాడు అడిగే ఆ అదనపు ధరను, క్రో పేరు, ఆయన స్వయంగా కూర్చుని మాట్లాడే మాట, ఈ క్లబ్ ఎటో వెళ్తోందన్న నమ్మకం కొంత తగ్గించాయి. జీతాల పరిమితి లెక్కలో నమ్మకానికి ధర కట్టరు కాబట్టి ఓనర్ ఎంతైనా తేవచ్చు.

బయటికి కనిపించే మార్పులు కూడా ఈ కోణంలోంచి చూస్తేనే అర్థమవుతాయి. ఆటగాళ్లకు అర్మానీ సూట్లు కుట్టించారు, అదేదో సినిమావాళ్ల ఆర్భాటమని కొందరు నవ్వారు. గరిటె జట్టని ఏళ్ల తరబడి మాటలు పడ్డ కుర్రాళ్లు మ్యాచ్ రోజున ఒకే సూట్లలో బస్సు దిగడం అంటే ఏమిటో నవ్వినవాళ్లకు తట్టలేదు. చీర్‌లీడర్లను తీసేసి 2007 నుంచి డప్పుల బృందాన్ని పెట్టారు, కుటుంబాలతో వచ్చేవాళ్లకు ఇబ్బందిగా ఉందన్నది వాళ్లు చెప్పిన కారణం. ఇంకో అడుగు ముందుకేసి, లీగ్స్ క్లబ్‌లో పోకర్ మెషీన్లే వద్దని ప్రతిపాదించారు. జూదం డబ్బుతో నడిచే లీగ్‌లో, పేదలుండే పేటలో, ఆ మాట పైకి అనడమే పెద్ద విషయం. ఆ మెషీన్లలో డబ్బు పోగొట్టుకునేది చాలావరకు ఆ జట్టు అభిమానుల కుటుంబాలే కదా.

అన్నీ ఓనర్ల ఘనతే అనడం కూడా తప్పు. సీఈఓ షేన్ రిచర్డ్‌సన్ 2004 నుంచే క్లబ్‌లో ఉన్నాడు. ఆయన నడిపిన పెన్రిత్ 2003లో కప్పు గెలిచింది. అంటే పని తెలిసిన మనిషి ముందే ఉన్నాడు, ఆ పనికి కావాల్సిన ఆసరా 2006లో దొరికింది. కొత్త ఓనర్లు రాగానే ఉన్నవాళ్లందర్నీ ఊడ్చేయడం చాలా క్లబ్బుల్లో చూస్తాం, ఇక్కడ ఆ పొరపాటు చేయలేదు.

2007 ఫలితం ముందే చెప్పాను, 12 గెలుపులు, 12 ఓటములు. ఫైనల్స్ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే మ్యాన్లీ చేతిలో 30-6తో చిత్తయ్యారు. స్కోరు చూస్తే గొప్పేమీ లేదు. అయినా ఆ రోజు పద్దెనిమిదేళ్ల తర్వాత ఫైనల్స్ సిరీస్‌లో తమ రంగులు చూసినవాళ్లకు, మధ్యలో రెండేళ్లు అసలు జట్టే లేకుండా బతికినవాళ్లకు, ఆ 6 పాయింట్లు కూడా పండగే.

ఇక్కడితో ఆపేస్తే అందంగానే ఉంటుంది, కానీ నిజం అంత నున్నగా లేదు. 2008లో హోమ్స్ ఎ కోర్ట్ క్లబ్ నడిపే బాధ్యతల నుంచి తప్పుకున్నారు, జట్టు 14వ స్థానానికి జారింది. 2009 సీజన్ అయ్యాక టేలర్ కూడా పోయాడు. ఆ ఏడాది 10, తర్వాత 9, మళ్లీ 10, ఇలా మూడేళ్లు నడిమధ్యలో ఊగిసలాడింది. మధ్యలో క్రో ఇంగ్లండ్‌లో షూటింగ్‌లో ఉండగా అక్కడి ఆటగాడు సామ్ బర్జెస్‌ను కలిసి ఒప్పించారు, బ్రాడ్‌ఫర్డ్ క్లబ్ నుంచి ఆ కుర్రాడు 2010లో వచ్చాడు. 2011లో పేరున్న ఆటగాడు గ్రెగ్ ఇంగ్లిస్ వచ్చాడు. 2012లో మైకేల్ మగ్వైర్ కోచ్ అయ్యాడు. ఆ ఏడాది, 2013లోనూ ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయారు. 2014 అక్టోబరు 5న 83,833 మంది ముందు బుల్‌డాగ్స్‌ను 30-6తో ఓడించి 43 ఏళ్ల తర్వాత కప్పు పట్టారు. మొదటి నిమిషంలోనే తల తగిలి చెంప ఎముక విరిగినా బర్జెస్ చివరిదాకా ఆడి, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌కు ఇచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ అందుకున్నాడు. ఓటు నుంచి కప్పు దాకా ఎనిమిదిన్నరేళ్లు. కొత్త ఓనరంటే రెండో ఏడాదే కప్పు అనుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

మరోలా జరిగితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ రెడ్ డెవిల్స్‌ను చూడాలి. 2024లో అక్కడి పై స్థాయి రగ్బీ లీగ్ పోటీ అయిన సూపర్ లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టది. అప్పటికే అప్పుల్లో ఉంది. 2025 ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యే ముందు కొత్త ఓనర్లు వచ్చారు, పెద్ద మాటలు చెప్పారు. చెప్పిన డబ్బు చేతికి రాకపోవడంతో జట్టు జీతాల మీద లీగ్ ఆంక్షలు పెట్టింది. మొదటి మ్యాచ్‌లో కుర్రాళ్లతో నిండిన జట్టును దింపి సెయింట్ హెలెన్స్ చేతిలో 82-0తో ఓడారు. జీతాలు మళ్లీ మళ్లీ ఆలస్యమయ్యాయి, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వేరే జట్లకు వెళ్లిపోయారు, ఆగస్టులో ఒక మ్యాచ్‌కు సరిపడా జట్టే నిలపలేకపోయారు. డిసెంబరులో కోర్టు ఆ కంపెనీని మూసేయమంది. జీతం పడుతుందో లేదో తెలియని టెన్షన్‌తో ఆ కుర్రాళ్లు వారం వారం మైదానంలో దెబ్బలు తిన్నారు. ఆ సీజన్ గురించి రాసేవాళ్లు ఓనర్ల పేర్లే ఎక్కువ రాస్తున్నారు గానీ నా మనసు మాత్రం ఆ పిల్లల దగ్గరే ఆగిపోతుంది.

రెండు చోట్లా జరిగింది ఒకటే, ఓనర్ మారాడు, మొదటి సీజన్ ఘోరంగా పోయింది. కానీ సౌత్స్‌లో ఓటమి మైదానంలో ఉండగా వెనక ఆఫీసు గట్టిపడుతోంది, సాల్ఫర్డ్‌లో మైదానంకన్నా ముందు ఆఫీసే కూలింది. కాబట్టి మొదటి ఏడాది పాయింట్ల పట్టిక చూసి కొత్త ఓనర్లను కొలవడం వల్ల ఏమీ తెలియదు. జీతాలు ఒకటో తారీకున పడుతున్నాయా, వచ్చే ఏడాదికి ఎవరు సంతకం చేస్తున్నారు, పని తెలిసిన సిబ్బంది ఉంటున్నారా వెళ్లిపోతున్నారా, కాదనగలిగే హక్కు అభిమానులకు కాగితం మీద ఏమైనా ఉందా, ఇవి అడిగితే జూన్ నెలకల్లా సంగతి తెలిసిపోతుంది.

2006 తర్వాత సౌత్స్‌లో ఓనర్లు కూడా మారారు. 2014లో హోమ్స్ ఎ కోర్ట్ వాటాను జేమ్స్ ప్యాకర్ కొన్నాడు, ఆయన ఆ కెర్రీ ప్యాకర్ కొడుకే. ఆ తర్వాత అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన మైక్ కానన్-బ్రూక్స్ కూడా వచ్చి చేరాడు. ఓనర్ల ముప్పాతిక ఇలా చేతులు మారుతూ ముక్కలవుతూ ఉంది, సభ్యుల పాతిక శాతం మాత్రం 2006లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.